సుద్దముక్క లెక్క

శుక్రారం పొద్దుగాల
నా సంచిల మూడే ఉంటయి:
టార్చిలైటు, సుద్దముక్క, గాజు సీసా.
నాలుగోది నోరు, అది సంచిల పట్టదు.

గట్టుప్పల్ల మా వాడ నూటిరవై ఇండ్లు.
గోళేలు, గాబులు, అటక మీది కూలర్లు,
కోళ్లకు పెట్టిన చిప్పలు.
మూతలేని ప్రతిదాంట్లకు ఒంగి చూసుడే నా కొలువు.
ముందుగాల నా మొఖమే కనవడ్తది.
అది దాటి కిందికి చూడాలె:
తలకిందులు ఏలాడే కామాలు,
ఇంకా ముగియని మాటలు.
ఎనిమిది దినాలు ఇడిస్తే రెక్కలొస్తయి.

"పారవోయవ్వా" అంటే
ఏలె ఆండాళవ్వ గోళెం ముంగల నిలవడ్తది.
"నల్లా దినం తప్పి దినం. నువ్వొచ్చి పారవొయ్యమంటవు.
నీళ్ల యిలువ నా మోకాళ్లనడుగు."
పాత బోరు నీళ్లు తాగిన మోకాళ్లవి,
ఒంగాల్నంటే పొద్దు వడ్తది.
అడగలేదు నేను.
ఆమె గోళెంల పురుగైతే లేదు,
మూత గూడ లేదు.

పున్న వీరేశం మగ్గం ఆపడు.
నడుము పైన మనిషి మనతోనుంటడు,
మోకాళ్ల కింది మనిషి గుంతల.
గుంతలకు టార్చి కొట్టిన.
తొక్కుడుకర్రల ఎనుక సగం పగిలిన కుండ,
కుండల నీళ్లు,
నీళ్లల్ల కామాలు.
"తేమ లేకుంటె పోగు తెగుతది.
నువ్వు వారానికోసారొస్తవు,
పోగు గడియకోసారి తెగుతది.
ఎవరి మాటినాలె నేను?"

శిక్షణల ఇచ్చిన కాయితంల దీనికి జవాబు లేదు.
దాంట్ల కొబ్బరిచిప్ప బొమ్మున్నది.
మా ఊళ్లె కొబ్బరిచెట్టు ఒక్కటే,
పోస్టాఫీసు ఎనుక, అదీ కాయదు.

పోయినేడు ఇదే నెలల
వీరేశం బిడ్డ అఖిల నల్లగొండ దవాఖాన్ల పండింది.
నెత్తురు లెక్క పడిపోయిన ప్రతి పూట
ఇంకా నెయ్యని చీర ఒకటి అమ్మిండు.
ఆ ముచ్చట నేనెత్తలె. ఆయినా ఎత్తలె.

మా నాయిన గూడ గుంతలనే ముసలోడైండు.
చీకట్ల పిక్కలు గోక్కునేటోడు, రంగు చేతులతోని.
తెల్లారి చూస్తె కాళ్ల నిండ నీలిగీతలు.

మల్లా శుక్రారం
వాగుల ఇసుక మోసుకపోయిన, రెండు గోనెసంచులు.
తడిపి గుంత గోడకు ఆనిచ్చిన.
"కుండ తియ్యి.
ఇసుకల తేమ ఉంటది, ఈదనీకి జాగ ఉండది."
వీరేశం ఊ అనలె, ఆ అనలె.
పొద్దూకినంక పొయ్యి అడిగిన.
"రెండుసార్లు తెగింది" అన్నడు.
జరసేపాగి, "అది పోగు గుణమే" అన్నడు.
పదిహేను దినాలకు
వాడ మూలకు ఇసుక ట్రాక్టరు ఒచ్చింది,
ఎవరు చెప్పిన్రో నేనడగలె.

ఆగస్టు ఆఖర్ల రిజిస్టర్ల రాసిన:
ఇండ్లు 120. పాత్రలు 611. పురుగున్నయి 0.
పై సారు ఫోన్ల నవ్విండు:
"సున్నను ఎవరు నమ్ముతరమ్మా?
తిరిగినట్టన్న కనవడాలె.
రెండో మూడో రాయి."

రెండో మూడో.
ఎవరింట్ల రాయాలె? ఏ బిడ్డ పేరు మీద?
కోపంల ఇంటికొచ్చి చెప్పులిడుస్తున్న.
కిటికీల మనీప్లాంటు సీసా, నా చేతులతోనే పెట్టింది.
టార్చి అక్కరవడలె.
ఎండకు మెరుసుకుంట, ఏడు కామాలు.

సీసా తెచ్చి వాకిట్ల కాలిన బండ మీద ఒంపిన.
నీళ్లు నా కాళ్ల దాకా రాకముందే ఇగిరిపొయినయి.
సుద్దముక్క తీసి నా గోడ మీద నేనే రాసుకున్న:
తారీకు. పాత్రలు 5. పురుగున్నది 1.

ఆండాళవ్వ అటుకెల్లి పోవుకుంట ఆగింది.
ఆమెకు అచ్చరాలు రావు, అంకెలొస్తయి.
"నీ ఇంట్లనే?" అని
మోకాళ్లు పట్టుకొని నవ్వింది, శానసేపు.

కొద్దిసేపటికి
మూడిండ్ల అవతల
గోళెం మీద రేకు మూత పడ్డ సప్పుడు
మా వాకిట్లకు ఇనవడ్డది.