ప్యాసింజర్ రేటు

నైట్ డ్యూటీ దిగి
కావలి స్టేషన్ మెట్ల కాడికి నేను చేరేసరికి
ప్యాసింజరు వచ్చేసుంటుంది.
మనుషుల కంటే ముందు గంపలు దిగుతాయి.
గంపల వెనకాలే పచ్చి ఆకు వాసన,
దాని వెనకాల దొరసానమ్మ.

పేరుకే దొరసాని.
చెవులకి పుడకలు,
చెంగు కొసన ముడి, ముడిలో రైలు టికెట్టు.
బిట్రగుంట అవతల ఇసకనేల ఆమెది.
రాత్రి కరెంటుకి తడిపిన తోటకూర
నా సంచిలోకొచ్చాక కూడా
ఇంకా నీళ్ళు తాగుతున్నట్టే ఉంటుంది.

మెట్ల మీద ఒక రేటు.
అదే గంప ఆటో ఎక్కి మార్కెట్టు గేటు దాటితే
ఇంకో రేటు.
తోపుడుబండి మీద మా వీధిలోకి వస్తే
మైకులో అరిచినందుక్కూడా మనమే కట్టాలి.
ఇన్ని చేతులు మారేసరికి
గోరుచిక్కుడూ ముదురుతుంది, ధరా ముదురుతుంది.
మనకి మిగిలేది పీచు.

నాకో నోటుపుస్తకం ఉంది.
ముందువైపు వార్డులో జ్వరాలు,
వెనకనుంచి నా కూరల లెక్క.
బెండకాయ, ఎనిమిది మిగులు.
దోసకాయ, ఐదు.
గోంగూరకి ఒక కట్ట కొసరు.
కొసరుని ఎట్లా రాయాలో తెలీక
అంకె బదులు చిన్న ఆకు బొమ్మ గీశాను.
ఏడాది తిరిగేసరికి
ఆ మిగుళ్ళన్నీ కలిసి
అయిదు లీటర్ల కుక్కరయినాయి.

చెప్తే దొరసానమ్మ నవ్వింది.
"అట్టయితే నా లెక్క కూడా రాయి నర్సమ్మా."
ఎదురు పేజీలో రాశాను.
రైలుకి పది, టీకి పది,
గంప అల్లినోడికి ఇంకా నలభై బాకీ.
కమీషను కాడ నా పెన్ను ఆగింది.
"అది కొట్టేయి," అంది, "నీకమ్మితే అది లేదుగా."
ఒకటే గీత.
ఇటు పేజీలో నాకు, అటు పేజీలో ఆమెకి.

మూడో లైను పనులని
నలభై రోజులు ప్యాసింజరు ఆపేశారు.
మెట్లు ఉత్తి మెట్లయినాయి.
బండబ్బాయిని ఈ వంకాయలు ఏ ఊరివని అడిగితే
"కోల్డు స్టోరేజీవి" అన్నాడు, అదే ఊరి పేరైనట్టు.
కుక్కర్లో పప్పు, మర్నాడూ పప్పే.
పుస్తకం వెనకవైపు తెల్లగా ఉండిపోయింది.
జ్వరాలు మాత్రం
పేజీ పేజీ దాటి దగ్గరికొచ్చాయి.

మళ్ళీ రైలొచ్చిన పొద్దున
దొరసానమ్మ చిక్కిపోయి ఉంది. గంపా సగమే.
ముదిరిపోయిన మడంతా మేకలకేసిందంట.
"కట్ట పదిహేను," అంది.
రెండు కట్టలకి నలభై చేతిలో పెట్టి
చిల్లర వద్దన్నాను.

ఆకు సర్దే చెయ్యి ఆగిపోయింది.
"ఏంది మే,
నేనేమన్నా నీ వార్డులో పడుకోనుండానా?
బేరమాడు."

"పది," అన్నాను, గొంతు సరిగ్గా పెగలక.
"పదికి వేరు కూడా రాదు. పద్నాలుగు."
"పదకొండు. ఆకునిండా చిల్లులుండాయి."
"పురుగు తినిందంటే మందు కొట్టలేదని!
చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలీదా?"
జనం మమ్మల్ని తప్పుకుని మెట్లు దిగుతున్నారు.
ఎవడిదో సూట్‌కేసు నా మడమకి తగిలింది.
దొరసానమ్మ మొహంలోకి
కొంచెం కొంచెంగా రంగొస్తోంది.
పన్నెండు దగ్గర ఇద్దరం ఆగాం.

నోట్లు మళ్ళీ లెక్కబెట్టి
మిగిలింది రూపాయితో సహా తిరిగిచ్చి
నాలుగు రెబ్బల కరివేపాకు సంచిలో పడేసింది.

ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా
పుస్తకం తిప్పి రాశాను:
తోటకూర రెండు కట్టలు, ఆరు మిగులు.
కరివేపాకు కాడ
మళ్ళీ ఆకు బొమ్మ.