దిగుబడి

పాలగది గోడకి నోటుబుక్కు ఒకటి
పురికొసతో మేకుకి వేలాడుతుంటుంది.
ఒక గడిలో తేదీ, ఒక గడిలో ఆవు చెవి నంబరు,
మూడో గడి నెత్తిన గోబ్నెట్ పొడుగు అక్షరాలు:
యీల్డ్.

కార్క్ కౌంటీ. తెల్లవారుజామున అయిదింటికి వాన.
ఎడివానియా గొట్టాలు పొదుగులకి తగిలిస్తూ
ఆ మాట పలకడం నేర్చుకుంటోంది.
చివర్లో రెండు హల్లులు ఒకదాన్నొకటి పోనివ్వవు,
ఇరుకుదారిలో ఎదురుపడ్డ బళ్లలా.
"అంటే ఏంటి?"
"ఎన్ని లీటర్లని. ఇరవై ఆరిస్తే ఇరవై ఆరు.
అందులో అర్థం చేసుకోడానికేముంది?"

నలభై ఒకటో నంబరు మాత్రం కొత్త చేతికి చేపదు.
మిషను ఊరికే గాలి పీలుస్తుంది.
ఎడివానియా వేణ్నీళ్ల గుడ్డతో పొదుగు తుడిచి,
తన ఊరి కూనిరాగం తీసి, ఆగుతుంది.
అది మనసు మార్చుకునేదాకా
గడి ఖాళీ.

ఆదివారం సైకిలు మీద వెళ్తుంటే
దారి పెద్దరోడ్డులో కలిసేచోట
తలకిందుల ముక్కోణం, ఎర్రంచు,
మధ్యలో అదే మాట!
దిగి నిలబడింది. ఆవు లేదు. బకెట్టు లేదు.
రోడ్డు ఎవరికి ఎన్ని లీటర్లివ్వాలి?

బుధవారం రాత్రి చర్చి హాల్లో ఇంగ్లీషు క్లాసు.
చెప్పేది ఫాక్ట్నా, ముప్ఫై ఏళ్లు ఉత్తరాలు పంచి రిటైరైనవాడు.
సుద్దముక్కతో నాలుగు గీతలు గీశాడు.
"ఆగి తీరమని కాదు. ఎవరూ రాకపోతే నీదే దారి.
వస్తుంటే వాళ్లది. అంతే."
చేలో బార్లీకీ ఇదే మాట, బ్యాంకు వడ్డీకీ ఇదే,
విరగబోయే ముందు ఇనుము వంగినా ఇదేనన్నాడు.
సిరియా నుంచి వచ్చిన మంగలి పెన్ను కింద పెట్టేశాడు:
"ఇచ్చినందుకా, ఓడినందుకా? ఒకటి తేల్చండి."
ఎడివానియాకి నవ్వొచ్చింది.
అక్కడ గొయాస్‌లో బియ్యం పొయ్యి మీద పొంగితే
వాళ్లమ్మ హెండేర్ అంటుంది.
తుపాకీ కింద పడేసినవాడు చేసేదీ హెండేరే.
ఇన్నేళ్లూ ఆ రెండూ ఒకటని తోచనే లేదు.

నాకు మాత్రం తోచిందా?
దిగుబడి, దిగుబడి అని లెక్కలు రాసుకున్నానే గానీ
దిగిరావడం అందులోనే కూర్చుందని చూశానా?
పాతబియ్యం ఒదుగుతాయి, గిన్నె నిండుతుంది.
ఎదిగినవాణ్ణీ ఒదగమంటాం.
నోట్లో నానుతూనే ఉంది, రుచి తెలియలేదు.

శుక్రవారం. గోబ్నెట్ కారుకి ఎదురుగా టైగ్ క్రీన్ ట్రాక్టరు,
వెనక పేడనీళ్ల ట్యాంకు.
రెండు పక్కలా ముళ్లకంచె, నడుమ గడ్డి మొలిచిన దారి.
గేటు గొడవ, తొమ్మిదేళ్లు, మాటల్లేవు.
పక్కకి తప్పుకునే చోటు అతని వెనక పది గజాలు,
ఆమె వెనక ఎనభై.
కాబట్టి న్యాయం ఆమెది.
ఇంజన్లు గురగుర. వైపర్లు అటూ ఇటూ.
ఎడివానియా కిటికీలోంచి చూస్తూ
తనలో తను సాధన చేసుకుంది,
ఈసారి చివరి హల్లులు సాఫీగా దాటాయి:
"యీల్డ్."

గోబ్నెట్ గిర్రున తల తిప్పింది.
ఏమనబోయిందో ఏమో, అనలేదు.
రివర్సు గేరు. ఎనభై గజాలూ
మెడ పట్టేసేలా వెనక్కి చూస్తూ,
ఫాక్ట్నా ఏ క్లాసులోనూ చెప్పని తిట్లు తిడుతూ.

ట్రాక్టరు దాటింది.
స్టీరింగు మీంచి టైగ్ చూపుడువేలు లేచింది,
అంగుళం.
ఆ వైపు అది దండం కింద లెక్క.

ఆ సాయంత్రం నలభై ఒకటి పదకొండే ఇచ్చింది, తన్నింది కూడా.
ఎడివానియా పదకొండు వేసి, చేతులు కడుక్కుని వెళ్లింది.
పొద్దున చూస్తే దాని కింద,
ఆవు నంబరు లేని వరసలో,
గోబ్నెట్ పొడుగు అక్షరాలు:
వేలు, ఒకటి.