మూడో ప్రతి

నాలుగేండ్ల కిందటి జూన్. గేటు బయట
తోతాపురి ట్రాక్టర్లు పూతలపట్టు రోడ్డుదాకా బారు.
లోపల మెయిలు పెట్టె నిండిపోయింది.
రాటర్‌డామ్ నుంచి వచ్చిన ఆర్డరు
గడప దాటలేక వెనక్కి మళ్ళిందంట.
వాళ్ళే ఫోన్ చేసి చెప్పినారు.

"పాతవన్నీ కొట్టేయ్ హంసవేణీ," అన్నాడు మునిరత్నం నాయుడు
చేతికంటిన గుజ్జు తుడుచుకుంటా.
"పోయినేడు పండు ఇప్పుడెవురికి కావాల?"

నేను కొట్టెయ్యలా.
పదిహేడేండ్ల జాబులు, రెండు లక్షల పైచిలుకు,
ఒకే ఫైలుగా ఉబ్బిపోయి
అడుగున కాయ మెత్తబడిన గంప మాదిరుంది.
తెరవబోతే అరగంట తిరిగి
తెరుచుకోకుండానే మూసుకుంటుంది.

దాన్ని ఏడాదికొక ముక్కగా కోశాను.
తొక్క ఒక పక్క, టెంక ఒక పక్క.
పండగ శుభాకాంక్షలు, సిమ్ము కంపెనీ ప్రకటనలు,
ఒకటే ఫోటో పదకొండు మందికి పదకొండుసార్లు,
అవి పోనీ.
బ్రిక్స్ పద్నాలుగని ల్యాబు ఇచ్చిన కాగితం,
కంటైనరు నంబర్లు, "సరుకు అందింది" అనే ఒంటి వాక్యం,
ఇవి ఉండాల.
పోయిన మా పాత మేనేజరు దొరస్వామి
ప్రతి జాబు చివరా రాసే "ఇట్లు, తమ విధేయుడు" ఉందే,
దాంతో ఏ పనీ లేదు.
ఉంచాను.

మా అమ్మ ఊరగాయ పెడితే మూడు జాడీలు.
ఒకటి వంటింట్లో, ఒకటి అటక మీద,
ఒకటి గుడిపాలలో పిన్నమ్మ దగ్గర.
"మనిల్లు కురిసినా ఆ ఇంట్లో ముద్ద దిగుతుందిలే" అనేది.
నేనూ అంతే.
ఒకటి ఆఫీసు బీరువాలో,
ఒకటి నేనెప్పుడూ చూడని ఏదో ఊళ్ళో, ఎవరిదో చల్లటి గదిలో.
మూడోది శనివారం శనివారం
క్యారియరు సంచిలో, సంగటి గిన్నె పక్కన,
నాతోపాటు బస్సులో ఇంటికి.

పెట్టి మరిచిపోతే చాలదు,
మూత తీసి నాలిక్కి రాసుకోవాల.
నెలకొకసారి ఏదో ఒక జాబును వెనక్కి పిలుస్తాను.
ఒకసారి పలకలా. ఆఫీసు డిస్కులో
పన్నెండో సంవత్సరం మొత్తం బూజు.
ఆ పూట అన్నం సయించలా నాకు.
రాత్రి రాగుల డబ్బా పక్క నుంచి తీసి చూస్తే
ఇంటి ప్రతిలో పలికింది.

మొన్న, మళ్ళీ జూన్,
వేలు పడిన చోట పదమూడో సంవత్సరం.
నాయుడు దొరస్వామికి రాసింది:
"తవణంపల్లె పరంధామరెడ్డికి టన్నుకు వెయ్యి బాకీ ఉండాము.
సీజను పోయినాక ఇద్దాం. నేను మరిస్తే గుర్తు చెయ్యి."
కింద జవాబు: "అట్లే. ఇట్లు, తమ విధేయుడు."
ఆ ఆగస్టులోనే దొరస్వామి పోయినాడు.

చూపించాను.
నాయుడు చదివి, అద్దాలు తీసి,
తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివినాడు.
బయట ట్రాక్టర్ల హారన్లు.
"ఇది ఎన్ని చోట్ల ఉంది?"
"మూడు."
"మీ ఇంట్లో కూడానా?"
"మా ఇంట్లో కూడా."
"కాణిపాకంలో ప్రమాణం చేసినట్టుంది గదమ్మా" అని
నవ్వబోయినాడు. సగంలో ఆగింది.

ప్రింటు తియ్యమన్నాడు.
నాలుగు మడతలేసి పైజేబులో పెట్టుకున్నాడు.
బండి తవణంపల్లె పక్కకు తిరిగిందో
ఇంటి పక్కకు తిరిగిందో
కిటికీలోంచి కనబడలా, ట్రాక్టర్లు అడ్డం.

ఇవాళ శనివారం.
తెర మీద పచ్చగీత పాకతా ఉంది,
తొంభై రెండు. తొంభై రెండే.
తొంభై మూడు.
ఆరింటి బస్సు నా కోసం ఆగదు,
గీత నిండందే నేను లేవను.