ఒకటా, రెండా

వారమంతా సోలిహల్‌లో, కళ్లజోళ్ల షాపు వెనక చీకటిగదిలో
"ఒకటి బాగుందా, రెండు బాగుందా" అని అడగడం నా కొలువు.
అద్దం మారుస్తాను. మళ్లీ అడుగుతాను.
ఈ శనివారం సెలవు పెట్టి
ఆ ప్రశ్నని లాకర్లో వేసి తాళం తిప్పాను.

బర్మింగ్‌హామ్‌లో వాన.
ఎరీనా గుమ్మం దగ్గర సంచులు వెతికే కుర్రాడు
నా లెన్సుని ముల్లంగిలా ఎత్తి పట్టుకుని
"దీనికీ టికెట్టుందా" అన్నాడు.
అద్దెకి తెచ్చాను దాన్ని. రెండు రోజులకి అరవై పౌండ్లు,
కొవెంట్రీలో పెళ్లిఫొటోలు తీసే ఆయన దగ్గర.
రింగు సందులో ఎవరి పెళ్లిదో పసుపు ఇంకా ఉంది.

వేదిక మీద రెండు గాజుగదులు.
ఒక్కోదాంట్లో ఒక్కో పిల్లాడు,
సోల్ నుంచి పద్నాలుగు గంటలు ఎగిరొచ్చి
మౌసు ముట్టుకునే ముందు
వేడిపొట్లాలు పిసుకుతున్నారు.
ఈ ఆటలో ముందు చలేసేది వేళ్లకి.

ఫ్లాష్ కొట్టకూడదు.
షటర్ వేగం పెంచితే తెరల మీద నల్లచారలు,
తగ్గిస్తే వేళ్లు పొగ.
మద్దెల మీది చేతుల్ని పట్టుకోవడం ఇంతకన్నా సులువు.
పైగా ఆ గాజులో
అతనికన్నా ముందు నేనే పడుతున్నాను,
నెత్తిన టోపీ, ఒక కన్ను మూసుకుని, దొంగలా.

"ఏటవాలుగా నిలబడు" అంది పక్కనున్నావిడ.
పేరు యంగ్‌జా. న్యూ మాల్డెన్‌లో
బట్టలు సరిచేసే కొట్టు. అరవై రెండేళ్లు.
మడత స్టూలు వెంట తెచ్చుకుంది.
పొడుగువాళ్ల దేశంలో పొట్టివాళ్ల హక్కు అంటుంది దాన్ని.
తొమ్మిదేళ్లుగా, వాడు ఈ ఖండానికి వచ్చినప్పుడల్లా
ఒక్క కుర్రాణ్ణే ఫొటోలు తీస్తోంది.
"నాకేమీ కాడు," అంది ఎవరూ అడక్కుండానే.
"ఓడినప్పుడు మొహం చెడగొట్టుకోడు. అందుకని."

ఆవిడ పట్టుకున్న అట్టమీద వాడి పేరు: హ్యోన్‌గ్యు.
నకారం కిందికి దిగి కూర్చుంది, అచ్చం మన ఒత్తులాగా.
చదవడం రాదు నాకు. అయినా
అక్షరాన్ని అక్షరం మోసే రాతని చూస్తే
కాస్త ధైర్యంగా ఉంటుంది.

ఐదో ఆట.
పెద్దతెర మీద ఏదో తగలబడింది. హాలు లేచి నిలబడింది.
నేను ఆట చూడలేదు,
అతని మెడ దగ్గర నరం చూస్తున్నాను.
రెండక్షరాలు కొట్టాడు,
బాగా ఆడావు అని. అంటే, నేను అయిపోయాను అని.

మా పెదనాన్న కాకినాడలో ప్లీడరు గుమాస్తా.
ఓడినవాడు కోర్టులో ఏడుస్తాడు,
గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడుస్తాడు అనేవాడు.
ఈ కోర్టుకి గాజుగోడలు, పెదనాన్నా.
ఏడువేలమంది చూస్తుంటే ఎక్కడని ఏడుస్తాడు?

కెమెరాలన్నీ గెలిచినవాడి మీదికి తిరిగాయి.
నాదీ తిరిగింది, అబద్ధమెందుకు.
కాగితపు ముక్కలన్నీ రాలిపోయాక వెనక్కి తిప్పాను.

హ్యోన్‌గ్యు కీబోర్డు వైరు చుట్టుకుంటున్నాడు
బొటనవేలికీ మోచేతికీ మధ్య,
బట్టలారేసే తాడు చుట్టినట్టు,
తొందర లేకుండా.
మౌసుని గుడ్డతో తుడిచాడు.
చల్లారిన పొట్లాన్ని అక్కడ పారెయ్యలేదు,
జేబులో వేసుకున్నాడు.
వచ్చే నెల సైన్యంలో చేరాలట.
ఆ చుట్ట మళ్లీ ఎప్పుడు విప్పుతాడో.

న్యూ స్ట్రీట్ స్టేషన్‌లో
ఆవిడ స్టూలు మీద నేను, బెంచీ మీద ఆవిడ,
మధ్యలో రేకు కాగితంలో కింబాప్, చివరి మూడు ముక్కలు.
కెమెరా వెనకతెర మీద చూపించాను.
మొదటిది: కప్పు, రంగుకాగితాల వాన,
పళ్లన్నీ కనిపించే నవ్వు. కత్తిలా ఉంది.
రెండోది: వైరు. నా చెయ్యి వణికినట్టుంది,
అంచులు నీళ్లలో నానాయి.

అలవాటుకొద్దీ నోరు జారింది:
"ఒకటా, రెండా?"

యంగ్‌జా కళ్లజోడు తీసింది,
స్కార్ఫు కొసతో తుడిచింది, మళ్లీ పెట్టుకుంది.
"ఇంకోసారి చూపించు," అంది.