నాలుగు నిమిషాల పిల్ల

వల్దివియాలో వాన వచ్చిపోయే చుట్టం కాదు,
జూన్ నుంచి సెప్టెంబరు దాకా కాపురమే.
గురువారం మధ్యాహ్నం రెండో నంబరు బస్సు దిగి
గొడుగు దులిపి
పిల్లల హోము వంటింట్లోకి వెళ్తాను.
డోన్యా ఎల్సిరా చాకూ, గంపెడు బంగాళాదుంపలూ
నా ముందు పెడుతుంది.
"మీరు తొక్క మరీ మందంగా తీస్తారు"
ప్రతివారం అదే మాట.
ముప్పై ఒక్క ఏళ్లు ఫిల్ము కత్తిరించిన చెయ్యి మరి.
ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.
పనిలేని పాత టీచరమ్మ అనుకున్నారు,
అనుకోనిచ్చాను.

నాలుగింటికి చదవడం.
పద్నాలుగు మంది పిల్లలు, పదకొండు కుర్చీలు,
కట్టెల పొయ్యి పక్కన ఆరని సాక్సుల వాసన.
మార్చిలో మొదలుపెట్టిన నవల:
నది, నది మీద బల్లకట్టు, దాన్ని నడిపే అన్న,
వెళ్లిన పడవకో రాయి, తిరిగొచ్చిన పడవకో రాయి
రేవులో పేర్చి లెక్క చూసే చెల్లెలు ఓలాయా.
పుస్తకం మొత్తంలో ఆమెవి పందొమ్మిది పేజీలు.
కథ ఆమె మీద నడవదు.

లిసెట్ మాత్రం ఆ పందొమ్మిది పేజీల్లోనే మకాం పెట్టింది.
తొమ్మిదేళ్లు. జేబుల నిండా గులకరాళ్లు.
పాలబండికో రాయి, డాక్టరుకో రాయి,
శనివారాలొచ్చి ఎవరో ఒకరిని తీసుకుపోయే కారుకో రాయి.
కిటికీ గట్టు మీద రెండు వరుసలు.
పోయినవాటి వరుసే పొడుగు.

నవల అయిపోయిన రోజు రెనాటో లేచి
"దీన్ని సినిమా తీశారట కదా!" అన్నాడు.
ఇంక చూడండి గోల.
వద్దంటే ఎందుకో చెప్పాలి.
చెప్పలేక, సరేనన్నాను.

గోడకి దుప్పటి కట్టారు.
పక్క బడి నుంచి ప్రొజెక్టర్ తెచ్చారు.
"బల్లకట్టు పచ్చది కదా, ఎర్రగా ఉందేంటి?"
"అన్నకి మీసం ఎప్పుడొచ్చింది?"
"కుక్క ఏదీ?"
కుక్కకి నిర్మాత డబ్బివ్వలేదని నాలో నేను నవ్వుకున్నాను.
అప్పుడు లిసెట్, మెల్లగా:
"ఓలాయా ఎప్పుడొస్తుంది?"

వరద వచ్చింది.
పెళ్లి వచ్చింది.
ఆఖరికి పేర్లొచ్చాయి.
అందరూ దుప్పట్లు సర్దుకుంటుంటే
చదివింది ఒక్కతే.
"ఓర్టెన్సియా అత్తా, ఎడిటింగ్ పక్కన మీ పేరుంది.
ఓలాయాని ఎవరు తీసేశారు?"

నేనే.
నాలుగు నిమిషాలు.
చన్నీళ్లలో మోకాలి లోతున
రెండు రోజులు నిలబడి నటించిన పిల్ల.
బాగా చేసింది, అదే వచ్చిన చిక్కు.
తెరమీద ఆమె ఉంటే అన్న కనిపించలేదు.

ఇదంతా చెప్పలేదు.
"రెండు గంటల సినిమా కదమ్మా,
చోటు లేకపోయింది" అన్నాను.
నోరు జారాక గుర్తొచ్చింది.
ఒసోర్నో నుంచి పిన్ని వచ్చి
లిసెట్ తమ్ముళ్లిద్దరినీ తీసుకెళ్లిన రోజున
ఈ గదిలోనే ఆవిడ అచ్చం ఇదే మాట అందని
తొక్కలు ఎత్తిపోస్తూ డోన్యా ఎల్సిరా ఓసారి చెప్పింది.

లిసెట్ ఏడవలేదు.
లెక్క చూసేవాళ్లకి ఏడవడానికి తీరికేది.
"రేవు దగ్గర్నుంచి మళ్లీ వెయ్యండి."
వేశాను.
వెళ్లి వెలుగుకి అడ్డంగా నిలబడింది.
దుప్పటి మీద, రేవు ఒడ్డున, నల్లగా ఒక పిల్ల.
వంగింది. రాయి పెట్టింది.
బల్లకట్టు ఆమె వీపు మీదుగా వెళ్లింది.
మళ్లీ వంగింది.
అడ్డు లెమ్మని ఎవ్వరూ అనలేదు,
ఏ సినిమాకైనా అరిచే రెనాటోతో సహా.
అన్న కనిపించాడో లేదో
నేను చూడలేదు.

తర్వాతి గురువారం
తొక్క మందంగానే వచ్చింది.
డోన్యా ఎల్సిరా అననే అంది.
కిటికీ గట్టు మీద
తిరిగొచ్చినవాటి వరుస చివర
ఇంకా తడి ఆరని రాయొకటి.
రెండో నంబరు బస్సు అప్పుడే మలుపు తిరిగింది.
ఆ రాయి ఎవరిదని
నేను అడగలేదు.