చప్పుడు లేని రాక

హనోయ్‌లో మా సందు మొదట్లో
నీ పాత బండి దగ్గు వినపడగానే
పులుసు పొయ్యెక్కేది.
ఇస్త్రీ కొట్టు దాటేసరికి ఒక పొంగు,
గుమ్మం ముందు ఆగేసరికి రెండోది.
పంతొమ్మిదేళ్ళు
గడియారం వైపు చూడలేదు నేను.

ఈ కరెంటు స్కూటరు
ఎక్కడ నేర్చిందో పిల్లినడక!
లాంగ్ బియెన్ వంతెన మీద
ఇప్పుడు బండీ దగ్గదు, నువ్వూ దగ్గవు.
మంచిదే.
చొక్కా ఒక్క ఉతుకుకే తెల్లబడుతోంది.
అదీ మంచిదే.
కానీ ఖుయెన్,
నిన్న వెనక్కి తిరిగితే నువ్వు!
గరిట జారి కాలి మీద పడింది.
పక్కింటి బిక్ మామ్మయితే
దొంగనుకుని చీపురెత్తింది.

రాత్రి
అన్నం కుక్కరు తీగ పీకి
దాని తీగ గుచ్చుతావు,
మనకున్నది ఒక్క ప్లగ్గే కదా.
చీకట్లో ఒక పచ్చ చుక్క
రెప్ప వేస్తుంది, తీస్తుంది.
నువ్వు గుర్రుపెడతావు.
నేను దాన్ని లెక్కపెడుతూ పడుకుంటాను,
ఎన్ని రెప్పలకు నిండుతుందో అని.

ఇవాళ సాయంత్రం
సందు మలుపులో హారన్ మోగింది,
రెండుసార్లు.
కిటికీలోంచి చూశాను,
నీకెదురుగా
కోడిపిల్ల కూడా లేదు.

బిక్ మామ్మ తిట్టిపోసింది.
నేను పొయ్యి వెలిగించాను.