గురివింద తూకం

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా కొలిమికి
రాత్రీ పగలూ ఒకటే.
తెల్లారుజామున విమానం దిగి డబ్బాలొస్తాయి.
చూస్తే చిన్నవే, మొయ్యాలంటే ఇద్దరు కావాల.
మూత తీస్తే మసిబారిన ముద్ద,
సంత బెల్లం పెచ్చులాగుంటుంది.
ఎవరన్నా చెబితే తప్ప బంగారమని తెలీదు.

నా పని ఊడ్చడం.
నవ్వాకండి, ఇక్కడ చీపురుకీ లెక్కుంది.
ఊడ్చిన దుమ్ము సంచికెత్తి సీలేస్తాను.
చేతులు కడిగిన నీళ్లు కాలవకు పోవు, తొట్టికి పోతాయి.
ఆర్నెల్లకొకసారి మా పాత చొక్కాలు, చేతి తొడుగులు,
గడపకాడి పట్టాలు అన్నీ కుప్పేసి కాలుస్తారు.
బూడిదలోంచి బంగారం పిండుతారు.
నిరుడు నా చొక్కాల్లో ఎంత పడిందో సూపర్‌వైజరు చెప్పలేదు.
చెమట మాత్రం ఆవిరైపోయుంటుంది,
దానికెవరూ వన్నె కట్టరు.

వన్నె కట్టేవాడు ఎబో.
ఘనా మనిషి. అంకోబ్రా ఏటి ఒడ్డున ప్రెస్టియా వాళ్లది.
డబ్బా మీద దేశం పేరు ఏదైనా రాసుండనీ,
ముద్దను అటూ ఇటూ తిప్పి
"ఇది మా ఏరు" అంటాడు ఒక్కోసారి.
ఆ పూటకింక మాట్లాడడు.

ఒకరోజు మాట్లాడినాడు.
"మా దేశం అమ్మే సరుకుల్లో మొదటి పేరు దీనిదే.
అబద్ధమెందుకు, రోడ్డు పడింది. గని దాకా.
కరెంటొచ్చింది. మొదట యంత్రాలకి.
మా అమ్మ కాన్పులు చేసే ఆస్పత్రికి కప్పు మారింది,
అది మంచిదే.
నా కెమిస్ట్రీ చదువు కంపెనీ డబ్బుతోనే.
చదివి, బంగారం ఎనకాలే నేనూ ఇక్కడికొచ్చినా.
ఏరు ఒక్కటే ఎక్కడికీ పోలేదు,
అక్కడే ఉంది, పాలెక్కువైన టీ మాదిరి.
చేపల్ని అడగొద్దు."

నేను మా రామగిరి చెప్పినాను.
మా నాయన పాతికేళ్లు గనిలో దిగి తవ్వినోడు.
మా ఇంట్లో బంగారమంటే ఆయన పైపన్ను ఒకటే.
అది ఊడిన రోజు ధర్మవరం తీసకపోతే
సేటు గీటురాయి మీద గీసి
ఇత్తడన్నాడు.
గని మూసినాక మిగిలింది బూడిదరంగు మట్టిగుట్ట.
ఎండాకాలం గాలికి ఆ పిండి
సంగటి మీద పడేది, నోట్లో కరకరమనేది.

ఎబో పర్సు తీసి
అరచేతిలో ఒక గింజ పెట్టినాడు.
ఎర్రది, నల్ల కన్నుది.
వాళ్ల తాతముత్తాతలు బంగారాన్ని దీంతోనే తూచేవాళ్లంట.
దమ్మా అంటారంట.
నాకు కొంతసేపు నోట మాట రాలేదు.
మా ఓబుళాచారి కొట్లో, ఇత్తడి తక్కెట్లో,
ఇదే గింజ.
"గురివింద" అన్నాను.
మూడుసార్లు పలికి చూసినాడు, నాలుక తిరగలేదు.

"తన కింద నలుపు గురివింద ఎరగదని మాకో సామెత"
అని చెప్పినాను.
నవ్వుతాడనుకున్నా.
గింజను తిరగేసి నలుపు పైకి పెట్టి
అద్దాల పెట్టెలోని కంప్యూటర్ త్రాసు మీద ఉంచినాడు.
అంకెలు కాసేపు వణికి నిలబడ్డాయి:
సున్నా, చుక్క, ఒకటి, రెండు, ఒకటి, నాలుగు.
ఖాతాలో రాయడానికి దానికి గడి లేదు.
"నీ దగ్గర పెట్టుకో" అన్నాడు.

షిఫ్టు దిగి గేటుకాడ
చేతులెత్తి నిలబడితే
బూట్లు, బెల్టు, నోరు, గోళ్ల సందులు అన్నీ చూసినారు.
మిషను మోగలేదు.
ఏడేళ్లలో ఆ గడప దాటి
నేను బయటికి తెచ్చుకున్నది అదొకటే.

గార్డు నా పిడికిలి విప్పించి
ఏందిది అన్నాడు.
తూకం రాయి అన్నాను.
దేన్ని తూస్తావు దీంతో అన్నాడు.
బస్సు హారన్ కొట్టింది.